కెమెరా మన చేతిలో

(మాచర్లలో మహిళా సంఘాల సభ్యుల ముందు చేసిన ప్రసంగం ఇది. చదువుకోవటానికి వీలుగా కొంచెం సర్ది ఇస్తున్నాం.)



ఇదిగో, ఇదే మన సంఘం కెమెరా. సబ్బుపెట్టె అంత ఉంది. అరచేతిలో పడుతుంది. సంఘం డబ్బుతో కొన్నాం. కొత్తది కాదు, ఒకరు వాడి అమ్మినదే. అయినా బాగా పనిచేస్తుంది.

"ఫోనులోనే ఫోటో వస్తది గదా, మళ్లీ కెమెరా ఎందుకు?" అని మొన్న ఒక అక్క అడిగింది. "నీ ఫోను ఏదక్కా?" అని నేనడిగాను. "మా పిల్లోడు పట్టుకుని గుంటూరు పోయాడు" అంది. అందరం నవ్వాం. మన ఇళ్లల్లో ఫోను సంగతి ఇట్టాగే ఉంటుంది. పేరు మనది, చెయ్యి వాళ్లది. ఈ కెమెరా అట్టా కాదు. ఇది సంఘానిది. రిజిస్టరులో సంతకం పెట్టి ఎవరైనా తీసుకుపోవచ్చు. వేలిముద్ర కాదు, సంతకం. అది మనకు వచ్చు కదా!

ముందు నా తప్పు ఒకటి చెబుతాను. సిగ్గుపడాల్సిన తప్పే. అయినా చెబుతాను.

రెండేళ్ల కిందట మా చిన్నాయనగారి కోడలు బర్రె చచ్చిపోయింది. పాడి బర్రె. పూటకు నాలుగు లీటర్లు ఇచ్చేది. దానికి బీమా ఉంది. చెవికి పసుప్పచ్చ ట్యాగు ఉంది. ట్యాగు మీద 12 అంకెల నంబరు ఉంటుంది. మీకు తెలుసు. ఆ నంబరు కనపడేట్టు ఫోటో కావాలన్నారు. నన్ను పిలిచారు. నాకు కెమెరా వచ్చని ఊళ్లో పేరు. పోయాను. పొద్దు గూకింది. కొట్టంలో చీకటి. కెమెరా ముందుకు పెట్టి నొక్కాను. ఫ్లాష్ తళుక్కుమంది. "వచ్చింది వదినా" అన్నాను. బర్రెను తీసుకుపోయి పాతిపెట్టారు.

ఇంటికొచ్చి ఫోటో పెద్దది చేసి చూశాను. ట్యాగు ఉన్నచోట తెల్లటి మెరుపు ఉంది. ఒక్క అంకె కనపడలేదు. ఇంకో ఫోటోలో మెరుపు లేదు గానీ అంతా మసక మసకగా ఉంది. కాగితాలు వెనక్కు వచ్చాయి. ఎవరినీ అనటానికి లేదు. తప్పు నాదే. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఆ రోజు నేను మూడు పనులు చెయ్యాల్సింది. ఫ్లాష్ ఆపాలి. దగ్గరి ఫోటోకి ఉండే పువ్వు గుర్తు నొక్కాలి. తీశాక అక్కడే నిలబడి పెద్దది చేసి 12 అంకెలూ పైకి చదవాలి. మూడూ కలిపి ఒక్క నిమిషం పని. ఆ నిమిషం నేను పెట్టలేదు. అందుకే ఇవాళ మీ ముందు నిలబడ్డాను.

సరే, కెమెరా చూద్దాం.

దీనికి లెన్సు ఒకటే. ఊడి రాదు. ముందుకు వెనక్కు సాగదు. కొన్ని కెమెరాల్లో మీట తిప్పితే దూరాన ఉన్నది దగ్గరికి వస్తుంది. ఇందులో రాదు. మరి దగ్గర కావాలంటే? మనమే నడవాలి. వెడల్పు కావాలంటే వెనక్కి జరగాలి. 1980లలో, 90లలో హాట్ షాట్ అని ఒక చిన్న కెమెరా ఉండేది. పెళ్లిళ్లకు, పుట్టినరోజులకు చానా ఇళ్లల్లో కొన్నారు. అదీ ఇట్టాంటిదే. అప్పుడు రీలు ఉండేది. రీలుకు 36 ఫోటోలు. ఒకటి చెడితే డబ్బు పోయినట్టే. ఇప్పుడు రీలు లేదు. వంద తీసి తొంభై తీసేయొచ్చు. అందుకని భయం వద్దు.

పైన గుండ్రటి మీట ఉంది. దాని మీద ఇంగ్లీషు అక్షరాలు నాలుగు. పి, ఎ, ఎస్, ఎం. నాలుగంటే నాలుగే. బస్సు బోర్డు చదవటం కన్నా తేలిక. కొన్ని కెమెరాల్లో ఎ పక్కన ఇంకో చిన్న అక్షరం ఉంటుంది. కంగారు పడకండి.

ఈ అక్షరాల సంగతి తెలియాలంటే బిందె సంగతి చెప్పాలి. కుళాయి కింద బిందె పెడతాం. కుళాయి బాగా తిప్పితే తొందరగా నిండుతుంది. కొంచెమే తిప్పితే చానాసేపు పడుతుంది. బిందె తీసి చెంబు పెడితే? కాసిని నీళ్లకే నిండుతుంది. ఫోటో కూడా అంతే. నీళ్ల బదులు వెలుగు.

లెన్సులో ఒక కన్నం ఉంది. అదే కుళాయి. పెద్దది చేయొచ్చు, చిన్నది చేయొచ్చు. లోపల ఒక తలుపు ఉంది. దాన్ని షట్టర్ అంటారు. అది ఎంతసేపు తెరుచుకుంటే అంతసేపు వెలుగు పోతుంది. మూడోది ఐఎస్ఓ అని ఒక అంకె. 100, 200, 400, 800, 1600 అని ఉంటుంది. ఆ అంకె పెంచటం అంటే బిందె తీసి చెంబు పెట్టటం. కొంచెం వెలుగుతోనే ఫోటో నిండుతుంది. అయితే ఎక్కువ పెంచితే ఫోటో మీద బొంబాయి రవ్వ చల్లినట్టు గరుకుగా వస్తుంది.

ఎండలో 100 గానీ 200 గానీ చాలు. వసారాలో 400. రాత్రి ఇంట్లో దీపం కింద 1600. ఇది గుర్తుంటే సగం పని అయింది.

కన్నం అంకెల దగ్గర చానామంది తికమక పడతారు. 2.8 అంటే పెద్ద కన్నం. 8 అంటే చిన్న కన్నం. అంకె పెరిగితే కన్నం తగ్గుతుంది. ఇదేందమ్మా తిరకాసు? తిరకాసు ఏమీ లేదు. దోసెను నాలుగు ముక్కలు చేస్తే ముక్క పెద్దది. ఎనిమిది ముక్కలు చేస్తే ముక్క చిన్నది. 8 అంటే ఎనిమిదో వంతు అనుకోండి. అంతే.

చిన్న కన్నం పెడితే దగ్గరున్నవాళ్లూ, వెనక ఉన్నవాళ్లూ అందరూ స్పష్టంగా వస్తారు. పెద్ద కన్నం పెడితే మనం గురిపెట్టింది మాత్రం స్పష్టంగా వచ్చి, వెనకది మసక అవుతుంది. మీటను ఎ మీద పెడితే కన్నం మనం చెప్పొచ్చు. తలుపు సంగతి కెమెరా చూసుకుంటుంది. ఎస్ మీద పెడితే తలుపు మనం చెప్పొచ్చు. కన్నం అది చూసుకుంటుంది. పి అంటే రెండూ అదే చూసుకుంటుంది. ఎం అంటే అన్నీ మనమే. ఎం ఇవాళ వద్దు. మొదటి నెల పి మీదే ఉంచండి.

ఇంకొక్క మాట. నొక్కే బొత్తాన్ని ఒక్కసారిగా నొక్కకూడదు. సగం నొక్కి ఆగాలి. తెర మీద ఆకుపచ్చ గడి వస్తుంది. అంటే గురి కుదిరింది. అప్పుడు మిగతా సగం నొక్కాలి. రెండు మోచేతులు పొట్టకు ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కండి. సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఊపిరి బిగబడతాం చూడండి, అట్టాగే.

ఇప్పుడు మన పనుల్లోకి వద్దాం.

పత్తి తీత రోజుల్లో చేను ఫోటో తీశారనుకోండి. తెల్లగా పగిలిన పత్తి ఫోటోలో బూడిద రంగులో వస్తుంది. ఎందుకట? కెమెరాకి పత్తి తెలియదు, బర్రె తెలియదు. దానికి అన్నీ నడిమి రంగే. తెల్లది ఎక్కువ కనపడితే "అబ్బో, వెలుగు ఎక్కువైంది" అనుకుని తగ్గిస్తుంది. నల్లది ఎక్కువ కనపడితే "చీకటిగా ఉంది" అనుకుని పెంచుతుంది. అందుకే నల్ల బర్రె నిండుగా కనపడేట్టు తీస్తే అది బూడిద బర్రె అయిపోతుంది. పాపం, కెమెరా మోసం చెయ్యదు. తెలియక చేస్తుంది. మనం చెప్పాలి.

చెప్పటానికి ఒక బొత్తం ఉంది. దాని మీద కూడిక గుర్తు, తీసివేత గుర్తు పక్కపక్కన ఉంటాయి. లెక్కల్లో నేర్చుకున్నామే, అవే. పత్తికి కూడిక వైపు 1. నల్ల బర్రెకు తీసివేత వైపు 1. తెల్ల చీర కట్టుకున్న పెద్దమ్మను తెల్ల గోడ ముందు కూర్చోబెడితే కూడిక. కల్లంలో ఎండబోసిన మిరగాయలకు తీసివేత వైపు కొంచెం, సగం చాలు. మన ఎండలో ఆ ఎరుపు కెమెరాకు తట్టుకోలేనంత ఉంటుంది. తగ్గించకపోతే కాయ కాయ విడిగా కనపడదు. ఎర్ర దుప్పటి పరిచినట్టు వస్తుంది. అకాల వాన పడి కల్లం తడిస్తే, తాలు కాయ ఏది, బూజు పట్టిన కాయ ఏది అని ఫోటోలో తెలియాలి. ఎర్ర దుప్పటి ఫోటో ఎవరికి చూపిస్తారు?

బర్రె వెనక తెల్లటి ఆకాశం ఉందనుకోండి. అప్పుడు లెక్క తిరగబడుతుంది. ఆకాశం వెలుగు చూసి కెమెరా తగ్గిస్తుంది. బర్రె బొగ్గు అవుతుంది. అక్కడ కూడిక పెట్టాలి. లేదా మనమే జరిగి, ఆకాశం లేకుండా చెట్టు వైపు పెట్టి తీయాలి. జరగటం తేలిక.

పంట దెబ్బతింటే ఒక్క ఫోటో చాలదు. నేనయితే మూడు తీస్తాను. గట్టు మీద నిలబడి చేనంతా ఒకటి. అందులో పక్కనున్న బావో, చెట్టో, కరెంటు స్తంభమో కనపడాలి. అప్పుడే అది మీ చేను అని తెలుస్తుంది. నాలుగడుగుల దూరం నుంచి ఒక మొక్క. తర్వాత పువ్వు గుర్తు పెట్టి ఆకు మీద తెగులు. చేయి పక్కన పెడితే ఆకు ఎంతదో తెలుస్తుంది. కెమెరాలో తేదీ సరిగా ఉందో లేదో ముందే చూసుకోండి. బాటరీ చానా రోజులు తీసి ఉంచితే కొన్ని కెమెరాల్లో తేదీ పోయి ఏదో పాత సంవత్సరం చూపిస్తుంది.

ట్యాగుల సంగతి చెప్పాను. పాసుబుక్కులు, కాగితాలు కూడా అంతే. ఫ్లాష్ వద్దు. కాగితాన్ని గుమ్మం దగ్గర నేల మీద పరచండి. మీ నీడ దాని మీద పడకూడదు. పైనుంచి నిటారుగా తీయండి. ట్యాగును మాత్రం ఎదురుగా కాదు, కొంచెం పక్కనుంచి తీయండి. మెరుపు పక్కకు పోతుంది.

ఫ్లాష్ గురించి ఒక వింత. దాన్ని రాత్రి కన్నా మిట్టమధ్యాహ్నం వాడాలి! మన పల్నాడు ఎండ నడినెత్తిన ఉంటుంది. కళ్ల కింద గుంటలు పడ్డట్టు నీడలు వస్తాయి. పాతికేళ్ల పిల్ల కూడా యాభై ఏళ్ల దానిలా వస్తుంది. ఆరేడు అడుగుల దూరంలో నిలబడి ఫ్లాష్ వేస్తే ఆ నీడలు పోతాయి. చిన్న కెమెరా ఫ్లాష్ పదడుగులు దాటి పెద్దగా పోదు. తిరనాళ్లలో దూరాన రథం మీదికి ఫ్లాష్ కొట్టేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. ఆ వెలుగు ముందున్నవాళ్ల తలల మీద పడి అక్కడే ఆగిపోతుంది. చెన్నకేశవస్వామి తిరనాళ్ల రాత్రి తీయాలంటే ఫ్లాష్ ఆపి, 1600 పెట్టి, అరుగు మీదో గోడ మీదో కెమెరా ఆనించి తీయండి. గుడి లోపల అయితే ముందు అడగండి.

మంచి వెలుగు కావాలంటే పొద్దున ఎనిమిది లోపు, లేదా సాయంత్రం ఎండ వాలాక. మధ్యాహ్నం తప్పనిసరి అయితే వేప చెట్టు కిందికి తీసుకుపొండి. దుర్గి శిల్పాల లాంటి రాతి చెక్కడాలకు పక్కనుంచి పడే ఎండ కావాలి. ఎదురు ఎండలో చెక్కడం కనపడదు, రాయి పలకలా వస్తుంది.

మనుషుల ఫోటో దగ్గర ఈ కెమెరాకు ఒక జబ్బు ఉంది. దీని చూపు వెడల్పు. మరీ దగ్గరికి పోతే ముక్కు పెద్దది, చెవులు చిన్నవి అవుతాయి. పెళ్లిచూపులకు అట్టాంటి ఫోటో పంపితే అంతే సంగతులు! అయిదారు అడుగుల దూరంలో నిలబడండి. పదిమందిని తీసేటప్పుడు అంచుల్లో ఎవరినీ పెట్టొద్దు. అంచున ఉన్నవాళ్లు వెడల్పుగా సాగుతారు. అందరూ స్పష్టంగా రావాలంటే మీట ఎ మీద, కన్నం 8 మీద.

ఆడుకునే పిల్లలకు మీట ఎస్ మీద పెట్టండి. తెర మీద 250 అని వస్తుంది. అంటే సెకనును 250 ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. అంతలో తలుపు తెరుచుకుని మూసుకుంటుంది. కోలాటానికి 500 పెట్టండి. 60 కన్నా తక్కువ పెడితే చెయ్యి వణికి ఫోటో మసక అవుతుంది. కావాలని తక్కువ పెట్టే చోటు ఒకటుంది. ఎత్తిపోతల పోయినప్పుడు కెమెరాను రాయి మీద పెట్టి, సెకనులో నాలుగో వంతు పెట్టి తీయండి. 70 అడుగుల పైనుంచి పడే చంద్రవంక నీళ్లు పాల ధారలాగా వస్తాయి. అదే 1000 పెడితే తుంపర తుంపర విడిగా కనపడుతుంది. రెండూ తీసి చూడండి. ఎస్ అంటే ఏమిటో అక్కడ తెలిసినంత బాగా నేను చెబితే తెలియదు.

మనలో కొందరు రవికలు కుడతారు, కొందరు చీరలు అమ్ముతారు. చీర రంగు ఫోటోలో మారితే కొన్నావిడ తిప్పి పంపుతుంది. బల్బు కింద తెల్లది పచ్చగా వస్తుంది. దానికి మెనూలో ఎండ, మబ్బు, బల్బు, ట్యూబులైటు బొమ్మలు ఉంటాయి. మీరు ఏ వెలుగులో ఉంటే ఆ బొమ్మ పెట్టండి. అన్నిటికన్నా మంచిది, చీరను బయట నీడలోకి తీసుకురావటం.

ఇక ఒక పెద్ద సంగతి. కెమెరా ఎంత ఎత్తులో పట్టుకోవాలి?

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ అనే ఊరు ఉంది. ఒకప్పటి మెదక్ జిల్లా. ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో చేరిన ఆడవాళ్లు చానామంది దళితులు, కూలికి పోయేవాళ్లు. బడికి పోనివాళ్లే ఎక్కువ. వాళ్లు 1990ల చివర్లో వీడియో కెమెరా నేర్చుకున్నారు. 2002లో వరంగల్ వైపు రైతులు బీటీ పత్తి వేస్తే, కాలమంతా ఆ చేలకు పోయి, రైతుల మాటలు వాళ్ల నోటితోనే చెప్పించి సినిమా తీశారు. 2008లో మాచునూరులో సొంత రేడియో కూడా పెట్టుకున్నారు.

వాళ్లు కెమెరా చూపులకు సొంత పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తే దాన్ని పటేల్ షాట్ అన్నారు. పటేలు గద్దె మీద కూర్చుని కిందున్న కూలోళ్లను అట్టాగే చూస్తాడు కదా! కిందినుంచి పైకి చూస్తే బానిస షాట్ అన్నారు. కళ్లకు కళ్లు సమంగా పెట్టి తీస్తే అది సంఘం షాట్. సంఘంలో అందరూ సమానంగా కూర్చుంటారు కాబట్టి.

ఏ పుస్తకం ఇంత బాగా చెప్పలేదు నాకు. నేను పదేళ్లు ఫోటోలు తీశాను. నేల మీద కూర్చుని కూర తరిగే అమ్మను నిలబడే తీశాను. పిల్లలను నిలబడే తీశాను. అన్నీ పటేల్ షాట్లే! ఇప్పుడు కూర్చుంటున్నాను. మోకాళ్లు నొప్పులే, అయినా కూర్చుంటున్నాను.

ఆడవాళ్ల చేతికి కెమెరా రావటం ఇవాళ్టిది కాదు. 1892లో హైదరాబాదులో లాలా దీన్ దయాళ్ అనే పేరున్న ఫోటోగ్రాఫరు ఘోషా ఆడవాళ్ల కోసం వేరే స్టూడియో పెట్టించాడు. అందులో తీసేది కూడా ఆడమనిషే, ఒక ఇంగ్లీషు దొరసాని. తర్వాత హొమాయ్ వ్యారావాలా అనే ఆమె వచ్చింది. 1913లో గుజరాత్‌లోని నవసారిలో పుట్టింది. మన దేశంలో పత్రికలకు ఫోటోలు తీసిన మొదటి ఆడమనిషిగా ఆమెకు పేరు. ఢిల్లీలో చీర కట్టుకుని సైకిలు మీద తిరుగుతూ తీసేది. కానీ మొదట్లో ఆమె తీసిన ఫోటోలు అచ్చయింది భర్త పేరుతో! 2011లో ఆమెకు పద్మవిభూషణ్ ఇచ్చారు. అప్పటికి ఆమె వయసు 97 ఏళ్లు.

అందుకే మన రిజిస్టరులో ఒక గడి పెట్టాను. "తీసింది ఎవరు" అని. అక్కడ మీ పేరు మీరు రాయాలి. ఆయన పేరు కాదు, అబ్బాయి పేరు కాదు. ఎవరిని తీసినా ముందు అడగండి. స్నానాల రేవు దగ్గర, బాలింత దగ్గర, చావు ఇంట్లో కెమెరా సంచిలోంచి తీయొద్దు, వాళ్లు రమ్మంటే తప్ప.

వచ్చే వారానికి పని చెబుతాను. ఒక్కొక్కరూ నాలుగు ఫోటోలు తీసుకురండి. ఇంట్లో పెద్ద వయసు మనిషిది ఒకటి, సంఘం షాట్‌లో. తెల్లటిది ఒకటి, కూడికతో. గొడ్డు చెవి ట్యాగు ఒకటి, 12 అంకెలతో. నాలుగోది మీ ఇష్టం. బాటరీ రాత్రే ఛార్జింగు పెట్టుకోండి. మిరగాయల కల్లంలోకి పోయేటప్పుడు కెమెరాను కవరులో చుట్టండి. ఆ కారం చేతులతో లెన్సు తుడవకండి. మెత్తటి పాత నూలు గుడ్డ చాలు.

మొదట ఎవరు తీసుకుపోతారు? మా చిన్నాయనగారి కోడలు చెయ్యెత్తుతోంది. రా వదినా. కొత్త బర్రెకు ట్యాగు వేశారంట కదా. ఇదిగో కలం, ఇక్కడ సంతకం పెట్టు.